ఎవరూ పలకని మాటకు విశేషణం

ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు ముందుగా ఒక మనవి. ఎవరి మీదనైనా ఫిర్యాదు రాయవలసి వస్తే అతను ఏమన్నాడో రాయండి. ఎలాంటి మాట అన్నాడో రాయడానికి తొందరపడకండి. ఈ సంగతి నాకు ఉద్యోగం చివరి ఏళ్ళలో, రాష్ట్రం విడిపోయిన తరువాత వచ్చిన ఒక ఎండాకాలంలో తెలిసింది. అప్పటికి నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని గట్టి నమ్మకం.

నేను జమ్మలమడుగు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయింది. మిగిలిన చదువంతా ప్రొద్దుటూరు గ్రంథాలయంలో జరిగింది. ఆదివారం పొద్దున పేపర్ల కోసం జనం బల్ల చుట్టూ మూగి ఉండగా, లైబ్రేరియన్ నేను అడగకుండానే పెద్ద నిఘంటువు దించి నా ముందు పెట్టేవాడు. ఫ్యాక్టరీలో ఇంజనీర్లు కూడా ఉత్తరాల్లో ఏ మాట వాడాలో నన్ను అడిగేవారు. ఈ ముక్క చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఇంగ్లీషులో నాకు అన్నిటికంటే మోజు కలిగించింది మొరటుతనాన్ని చెప్పే విశేషణాల గుంపు. మనం 'మొరటు' అనేసి ఊరుకునే చోట వాళ్ళకు ఒక అంగడి నిండా సరుకు ఉంది. వాటిని మన ఊళ్ళ వస్తువులతో పోల్చి గుర్తు పెట్టుకునేవాణ్ణి. జమ్మలమడుగు గనుల నుంచి తీసి ఇంకా పాలిషు పట్టని నాపరాయి రఫ్. చేయి గీసుకుంటుంది, కానీ దానికి మన మీద పగేమీ లేదు. ప్రొద్దుటూరు బట్టల అంగట్లో చవకగా దొరికే ముతక పంచె కోర్స్. ఒంటికి గుచ్చుకుంటుంది, మానమూ కాపాడుతుంది. గానుగ నుంచి అప్పుడే కారి ఇంకా తేరని నూనె క్రూడ్. రూడ్ కావాలంటే మాత్రం ఎదురుగా నొచ్చుకునే మనిషి ఉండాలి. వల్గర్ అంటే ఒకప్పుడు జనసామాన్యానిది అని మాత్రమే అర్థమట. పాపం, ఆ జనంతో పాటే అది కూడా పెద్దవాళ్ళ కళ్ళలో దిగజారింది. గ్రాస్ అంటే బాగా మందంగా, హద్దు దాటి ఉన్నది. ఇక అబ్సీన్. అది చట్టం పట్టుకునే మాట.

ఈ మెట్లన్నీ ఎక్కి దిగుతూ నా దగ్గర ఒక కొలబద్ద ఉందని మురిసిపోయేవాణ్ణి. దానితో ఒక మనిషి ఉద్యోగాన్ని కొలవవలసి వస్తుందని అనుకోలేదు.

ఆ మనిషి మా లోడింగ్ మేస్త్రీ. సింహాద్రిపురం దగ్గరి పల్లె. బోర్లు ఎండిపోయి చీనీ (బత్తాయి) తోట కొట్టేసుకున్న తరువాత ఫ్యాక్టరీకి వచ్చాడు. మూటలు మోసి మోసి మోకాళ్ళు అరిగాయి, గొంతు మాత్రం అరగలేదు. ఆయన పులివెందుల బస్టాండులో ఎవరినైనా పలకరిస్తే జమ్మలమడుగులో వినబడుతుందని మేము ఎగతాళి చేసేవాళ్ళం. నోటి దురుసు మనిషే. కానీ ఆయన తిట్టకుండా లారీ నింపితే హమాలీలకే దిగులు, మేస్త్రీకి ఒంట్లో బాగాలేదేమోనని.

ఒక మధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉన్నప్పుడు, లారీలు తూచే కాటా పక్కన నిండా ఎక్కించిన లారీని కొత్తగా వచ్చిన షిఫ్టు ఇంజనీరు ఆపాడు. వేరే రకం సిమెంటు మూటలు ఎక్కాయని, అన్నీ దించి మళ్ళీ ఎక్కించమన్నాడు. తప్పు ప్యాకింగు వాళ్ళది, చాకిరీ హమాలీలది. మేస్త్రీ ఇంజనీరు ముఖం మీద ఏదో అన్నాడు. ఇంజనీరు నేరుగా ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు రాసిచ్చాడు. మేస్త్రీ తనను వల్గర్, అబ్సీన్ మాటలతో దూషించాడని అందులో ఉంది. ఆ మాటలేమిటో లేదు.

మా కంపెనీ నిబంధనల్లో నోటి తప్పులకు రెండే గదులు. పై అధికారితో అమర్యాదగా మాట్లాడితే హెచ్చరిక, లేదా ఇంక్రిమెంటు కోత. అశ్లీలంగా మాట్లాడితే ఉద్యోగం నుంచి తీసివేత. మేస్త్రీ వయసులో, ఆ మోకాళ్ళతో, ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. ఫిర్యాదులోని రెండు విశేషణాలూ రెండో గదివి.

మా దగ్గర విచారణ ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి. కడప నుంచి ఒక లాయరును విచారణాధికారిగా పిలిచేవారు. సాక్షి తెలుగులో చెబుతాడు. కాగితాలు వేరే రాష్ట్రంలోని హెడ్డాఫీసుకు పోవాలి కాబట్టి అధికారి ఇంగ్లీషులో చెబితే నేను టైపు చేస్తాను. చివరికి దాన్ని సాక్షికి తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఈ చివరి పని నేను చేరకముందు నుంచే ఒక తంతుగా నడిచేది. గ్రాంథికంలో గబగబా చదవడం, సాక్షి తల ఊపడం, వేలు పెట్టి చూపిన చోట సంతకం.

ఈసారి వచ్చిన అధికారి ఒక లాయరమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కడపలో స్థిరపడ్డావిడ. మాట తక్కువ, చూపు సూటి. ఆవిడ మొదట ఇంజనీరును అడిగింది, అన్నది ఏమిటని. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళ ముందు అలాంటివి ఎలా పలకమంటారండీ అని తల దించుకున్నాడు. మేస్త్రీని అడిగింది. ఆయనకు సహాయకుడిగా కూర్చున్న యూనియన్ మనిషి ముందే గట్టిగా చెప్పి పెట్టాడు, ఒప్పుకుంటే పోయినట్లే, ఏమీ అనలేదనే చెప్పమని. మేస్త్రీ అలాగే చెప్పాడు. ఆయన నోటి సంగతి ఎరిగిన ఆ గదిలో ఆ అబద్ధానికి కూర్చునే చోటు కూడా దొరకలేదు.

హమాలీలు ఏమీ వినలేదన్నారు. ఇక మిగిలింది కాటా ఆపరేటరు. లారీల బరువు తూచే గదిలో కిటికీ పక్కనే కూర్చునే పెద్దాయన. జమ్మలమడుగులో తాతల కాలం నుంచి మిషను కుటుంబం. ఆయన తాత పల్లెపల్లెకూ తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఈయన నోట కూడా 'ఛీ' అన్న మాటైనా ఎవరూ వినలేదు. వయసుతో పని లేకుండా అందరూ మామా అనేవారు. ఆయన అబద్ధం చెప్పడని మేస్త్రీకీ తెలుసు, ఇంజనీరుకూ తెలుసు. అందుకే ఇద్దరూ ఆయన వైపు బెదురుగానే చూశారు.

ఆయన నిలబడి, విన్నానన్నాడు. ఏమన్నాడని అడిగితే చెడ్డ మాట అన్నాడన్నాడు. ఏ మాట?

"అది నా నోటితో పలికేది కాదు మేడమ్. నన్ను అడగొద్దండి."

ఆవిడ రెండు మూడు విధాలుగా అడిగింది. మళ్ళీ మళ్ళీ అదే జవాబు. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆవిడ నా వైపు తిరిగి, సాక్షి ఆ మాటను అబ్సీన్ అని చెప్పాడని టైపు చేయమంది.

నా వేళ్ళు ఆగిపోయాయి. టైపు చేసేవాడికి నోరు ఉండకూడదు. అయినా, చెడ్డమాట అంటే అబ్సీన్ కాకపోవచ్చు మేడమ్, అన్నాను. మరేమంటారు అంది. అంతే, లైబ్రరీ అంతా నా నోట్లోకి వచ్చేసింది. నాపరాయి, ముతక పంచె, గానుగ నూనె, వల్గర్ అనే మాట పుట్టుక, అన్నీ చెప్పుకొచ్చాను. కోర్స్ అని రాస్తే న్యాయంగా ఉంటుందని ముగించాను. ఆవిడ కోపం తెచ్చుకోకుండా అంతా విన్నది.

"బాగా చదివారు. ఇంతకూ ఆ మాట మీరు విన్నారా?"

"లేదు మేడమ్."

"వినని మాట ముతకదని మీకెలా తెలిసింది?"

ఆవిడ ఇంకో మాట కూడా అంది. అంత నిదానమైన మనిషి చెప్పడానికి ఇంతగా వణుకుతున్నాడంటే, అది అలాంటి మాటే అయి ఉండాలి కదా అని. అబ్సీన్ అని టైపు చేశాను. చదివి వినిపించి సంతకం తీసుకోబోయే ముందు కరెంటు పోయింది. కంప్యూటరు ఆరిపోయింది. సంతకాలు తరువాతి వాయిదాలో అని ఆవిడ లేచింది.

ఆ వాయిదా దాకా క్యాంటీనులో అందరిదీ ఒకటే ఊహాగానం. కాటా మామ నోట రానంత మాట అంటే అది ఏమై ఉంటుందని ఒకరికి మించి ఒకరు పెంచుకుంటూ పోయారు. పలకని ఆ మాట రోజురోజుకూ లావెక్కింది. నిజం చెప్పాలంటే నేను కూడా రాత్రి పడుకుని నాకు తెలిసిన బూతులన్నీ ఒక్కొక్కటే మేస్త్రీ నోట్లో పెట్టి చూసుకునేవాణ్ణి. కొన్ని సరిపోతున్నట్టే అనిపించేది. అప్పుడు ఇంకా భయం వేసేది.

మేస్త్రీని అప్పటికే పని నుంచి నిలిపేశారు. ఒక సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉంటే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు చేతకాదు, ఆ రోజు చేతనైంది.

"అప్పా, ఆ మేడమ్ రాపిచ్చిన ఇంగ్లీషు మాట శానా చెడ్డదా?"

చెడ్డదే అన్నాను. అసలు ఆ రోజు ఏమన్నావని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే నేనూ సాక్షినైపోతాను.

"ఇంట్లో ఆడమనిషికి ఇంగా చెప్పల్యా. సెలవు పెట్న్యా అని చెప్పినా. తొందరగా తేల్చమనప్పా" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం లైబ్రరీకి వెళ్ళాను. నిఘంటువు తెరిచి మూసేశాను. అందులో అన్ని మాటలూ ఉన్నాయి, కాటా దగ్గర అన్న మాట ఒక్కటీ లేదు. మనసాగక జమ్మలమడుగు బస్సెక్కాను. చర్చి వదిలే వేళకు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడ్డాను. కాటా మామ తెల్ల చొక్కాలో, చంకలో పుస్తకంతో బయటికి వచ్చాడు. వాయిదాల మధ్య సాక్షితో మాట్లాడటం తప్పు. ఆ మాట అబ్సీనా కాదా అని ఒక్క ముక్క అడిగితే చాలు. కానీ ఆయన నన్ను చూసి నవ్వి చేయెత్తేసరికి నేను కూడా చేయెత్తి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కేశాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. నాకు చట్టం ఇచ్చిన చోటు ఒక్కటే ఉంది. చదివి వినిపించే చోటు.

వాయిదా రోజు గదిలో ఫ్యాను తిరుగుతున్నా అందరికీ చెమటలు. కరెంటు వచ్చాక నేను అచ్చు తీసి ఇచ్చిన మొన్నటి కాగితం లాయరమ్మ తీసి, సాక్షికి చదివి సంతకం తీసుకోండి అంది. కాటా మామ అప్పటికే జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. యూనియన్ మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తంతు మాటలు నా నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. 'అశ్లీల పదజాలముతో దూషించెనని' అనేస్తే ఆయన తల ఊపుతాడు, అయిపోతుంది.

నేను గొంతు సవరించుకుని, మా ఊరి మాటలో, నిదానంగా చెప్పాను.

"మామా, ఈడ ఏం రాసినామో విను. మేస్త్రీ ఇంజనీరు సారును బూతు తిట్టినాడు. ఆడోళ్ళను గురించి, ఒంటిని గురించి నలుగురిలో అనకూడని పచ్చి బూతు. నువ్వు అట్ల చెప్పినావని రాసినాం. సరేనా?"

పెన్ను ఆగింది. ఆయన నన్ను, లాయరమ్మను మార్చి మార్చి చూశాడు.

"బూతా? నేనెప్పుడు చెప్పినా ఆ మాట? ఆ మనిషి నోట బూతు రాలే."

లాయరమ్మ ముందుకు వంగింది. చెడ్డ మాట అన్నాడని మీరే కదా చెప్పింది అంది.

"చెడ్డదే మేడమ్. శాపం పెట్టినాడు. బూతంటే నోరు కడుక్కుంటే పోతాది. శాపం యాడికి పోతాది?"

అప్పుడు తెలిసింది. ఆయన వణికింది సిగ్గుతో కాదు. శాపాన్ని మళ్ళీ పలికితే తాను కూడా పెట్టినట్లేనని ఆయన భయం. ఎదురుగా ఆ ఇంజనీరే కూర్చుని ఉన్నాడు. ఆ అబ్బాయి మీదికి రెండోసారి ఆ మాట పంపడం ఆయనకు ఇష్టం లేదు.

లాయరమ్మ గొంతు మెత్తబడింది. ఆ మాటేమిటో కాగితం మీదికి రాకపోతే ఈ మనిషి ఉద్యోగం పోతుంది, మీరు చెప్పకపోతే నేను చేయగలిగింది లేదు అంది. కాటా మామ పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తరువాత కుడిచేయి తన గుండె మీద పెట్టుకుని అన్నాడు:

"నా నోట్లో మన్ను బడ. వచ్చి ఒక మూట ఎత్తి సూపీ."

ముందు నాకు అర్థం కాలేదు. మేస్త్రీ ఇంజనీరును అన్న 'నీ' ని ఆయన 'నా' గా మార్చి, ఆ శాపాన్ని ఎవరి మీదా పడనివ్వకుండా తన మీద వేసుకున్నాడు. మనిషి నోట్లో మన్ను పడేది చచ్చిన తరువాతే కదా. ఆయనకు అది ఉత్త తిట్టు కాదు.

అందరికంటే ముందు అర్థమైంది మేస్త్రీకి. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"అట్లనొద్దు మామా. నువ్వెందుకు పెట్టుకుంటావు? అనింది నేను. మేడమ్, నేనే అన్న్యా. ఆ మన్నేదో నా నోట్లోనే పడనీ. ఈ మనిషి నోట్లో మాత్రం వద్దు."

యూనియన్ మనిషి ఆయన చొక్కా పట్టి లాగాడు. ఆయన వదిలించుకున్నాడు. ఇన్ని రోజుల అబద్ధాన్ని ఒక్క గుక్కలో పారబోసి, కుర్చీ ఎత్తి పెట్టుకుని కూర్చున్నాడు. చేతులతో ముఖం కప్పుకున్నాడు.

లాయరమ్మ ఇంజనీరును అడిగింది, ఈ మాటేనా అని. ఆ అబ్బాయి అవునన్నాడు. మరి అబ్సీన్ అని ఎందుకు రాశావంది.

"నాకు అందరి ముందు తల తీసేసినట్టయిందండి. ఏం రాయాలో తెలియక, ఫైల్లో పాత ఫిర్యాదు ఒకటి ఉంటే దాన్ని చూసి రాశాను. ఇలా ఉద్యోగం దాకా వస్తుందనుకోలేదు."

అతని మీద నాకు కోపం రాలేదు. విశేషణం అరువు తెచ్చుకోవడంలో ఉన్న సుఖం నాకంటే ఎవరికి తెలుసు?

ఆవిడ మొన్నటి కాగితం చించేసి కొత్తది మొదలుపెట్టమంది. నా వైపు చూసి, ఇప్పుడు విన్నారు కదా, మీ మాటేమిటి అని అడిగింది. నా దగ్గర మెట్లన్నీ ఉన్నాయి. రఫ్ అనవచ్చు, కోర్స్ అనవచ్చు, రూడ్ కూడా తప్పు కాదు. కానీ గుండె మీద చేయి పెట్టుకుని కాటా మామ అన్నప్పుడు ఆ మాట వీటిలో దేనికిందా లేదు. మేస్త్రీ అన్నప్పుడు ముతకది, మామ అన్నప్పుడు ఇంకేదో. ఏమీ వద్దు మేడమ్, అన్నది అన్నట్టే రాద్దాం అన్నాను. ఆవిడ తల ఊపింది. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, పక్కన దాని అర్థం టైపు చేశాను.

ఆ రోజు చదివి వినిపించడం చాలాసేపు పట్టింది. కాటా మామ ప్రతి ముక్కా ఆపి ఆపి విన్నాడు.

"నా నోట్లో అని రాసినావా, ఆయప్ప నోట్లో అని రాసినావా?"

"నీ నోట్లో అనే రాసినా మామా."

"అట్లనే ఉండనీ" అని సంతకం పెట్టాడు.

హెడ్డాఫీసు నుంచి జవాబు వెంటనే రాలేదు. ఎండలు తగ్గి తొలకరి పడింది. ఆ కాగితం చదివేవాడికి కాటా తెలియదు, మధ్యాహ్నపు ఎండ తెలియదు, మన్ను సంగతి తెలియదు. విశేషణం లేని వాక్యాన్ని ఏ గదిలో వేయాలో తోచక, పెద్ద గదిలోనే వేసేస్తాడేమోనని నాకు గుబులు. ఒక్క మాట జోడించి పంపి ఉంటే బాగుండునా అని రోజూ అనుకునేవాణ్ణి.

చివరికి ఉత్తర్వు వచ్చింది. ఒక ఇంక్రిమెంటు కోత, హెచ్చరిక, వెంటనే పనిలో చేరవచ్చు. మేస్త్రీ టైమాఫీసు కిటికీ దగ్గరకు వచ్చి, ఏమని రాసినారో చదవమన్నాడు. రఫ్ లాంగ్వేజ్ అని రాశారు, అంటే మొరటు మాట అని చెప్పాను.

"అంతేనా? గేటుకాడ ఎవర్నడిగినా చెప్పిండరా. దానికి ఇన్నాళ్ళా?" అన్నాడు. నవ్వబోయాడు గానీ కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఆయన నోరు మారిందని అబద్ధం చెప్పను. ఇంజనీరుతో కొంచెం జాగ్రత్తగా ఉండేవాడు, హమాలీలతో ఎప్పటిలాగే. నేను రిటైరయ్యేదాకా టైమాఫీసు కిటికీలోంచి రోజూ వినేవాణ్ణి. లారీ పక్కన నడుస్తూ, దాన్ని, డ్రైవరును, ఎండను, సిమెంటును తిట్టుకుంటూ ఆ గొంతు దగ్గరయ్యేది. కాటా గది కిటికీ రాగానే ఆగిపోయేది. లారీ బరువు తూగేదాకా ఒక్క మాట ఉండేది కాదు. కాటా దాటి, ఆ కిటికీకి వినబడనంత దూరం వెళ్ళిన తరువాత, ఆపిన చోటు నుంచే మళ్ళీ మొదలయ్యేది.